బోరు బండికి నీళ్లతోని పనిలేదు, గని...

మొన్న వానాకాలం వడ్ల పైసలు బ్యాంకుల పడ్డ మూడోనాడు మా చిన్నాయిన కొడుకు ఫోన్ చేసిండు. "అన్నా, చిప్పులు జేసే మిషన్లు ఉంటయ్ గదా, ఆ మిషన్లు తయారుజేసే కంపెనీల పైసలు పెడ్తే డోకా లేదట. చిప్పు ఎవ్వడు జేసినా మిషన్ కొనాల్సిందేనట. లక్షన్నర పెడ్దామనుకుంటున్న" అన్నడు. ఎవరు చెప్పిండ్రురా అంటే టెలిగ్రామ్ గ్రూపుల వచ్చిందన్నడు. ఏ కంపెనీ అంటే స్క్రీన్‌షాట్ పంపిండు. కంపెనీ పేరు చివర్ల "సెమీకాన్" అని ఉంది. ఇది ఏం మిషన్ తయారుజేస్తదిరా అని అడిగిన. "అది తెల్వదన్నా, గని రోజూ అప్పర్ సర్క్యూట్ కొడ్తుంది" అన్నడు.

మావోడు చెప్పినదాంట్ల సగం నిజం ఉంది. ఆ సగాన్ని చూపెట్టే గ్రూపులోళ్లు మిగతాది అంటగడ్తున్నరు. ఫోన్ల పావుగంటల చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్న. నేను సెబీ కాడ రిజిస్టర్ అయిన సలహాదారును కాదు. ఈ కంపెనీల వార్తలు కొన్నేండ్ల సంది సదువుకుంట వస్తున్న, అంతే. వాటిల్ల ఒక్క షేరు సుత నా దగ్గర లేదు.

ముందు నిజమున్న సగం చూద్దాం. మా నాయిన మా చెల్కల ఐదు బోర్లు ఏపిచ్చిండు. నాలుగింట్ల దుబ్బనే లేసింది. ఐదోదాంట్ల రెండించుల నీళ్లు పడ్డయ్. నీళ్లు పడ్డా పడకున్నా బోరు బండోడు ఫీటుకు ఇంత అని లెక్కగట్టి, కేసింగ్ పైపు పైసలు వేరే తీసుకుని, తెల్లారేసరికి ఇంకో ఊరికి పోయిండు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే ఆ బండ్లు మన జిల్లాలల్ల ఎన్ని తిరిగినయో మీకూ ఎర్కే. నీళ్ల మీద పందెం కాసింది రైతు, పైసలు ముట్టింది బండికి.

చిప్పుల ధందా సుత అట్లనే ఉంటది. తైవాన్‌ల టీఎస్ఎంసీ, కొరియాల సామ్‌సంగ్, అమెరికాల ఇంటెల్ పోటీ పడ్తయ్. ఎవరు గెలుస్తరో ముందుగాల చెప్పుడు కష్టం. ఇంటెల్ ఎంత పెద్ద కంపెనీ, ఎంత వెనుకపడ్డదో చూసినం. గని వీళ్లందరు మిషన్లు కొనేది ముఖ్యంగా ఐదు కంపెనీల కాడ్నే. నెదర్లాండ్స్‌ల ఏఎస్ఎంఎల్. అమెరికాల అప్లైడ్ మెటీరియల్స్, లామ్ రీసెర్చ్, కేఎల్ఏ. జపాన్‌ల టోక్యో ఎలక్ట్రాన్.

చిప్పు అంటే పన్నెండించుల గుండ్రటి సిలికాన్ పళ్లెం మీద పొర మీద పొర పరిచి, గీసి, చెక్కి చేసేది. పొర పరిచే పనిల అప్లైడ్ మెటీరియల్స్ పెద్దది. వద్దన్నకాడ పొరను చెక్కి తీసే మిషన్లల్ల లామ్‌ది పెద్ద చెయ్యి. గీసే ముందు పూసే మందు, గీసినంక కడిగే మిషన్ అంటే టోక్యో ఎలక్ట్రానే. ఎక్కడన్న లోపముందా అని చూసే మిషన్లు కేఎల్ఏవి. ఇగ వెలుగుతోని గీసేది ఏఎస్ఎంఎల్.

ఈ ఏఎస్ఎంఎల్ ముచ్చట జర వేరే. ఫిలిప్స్ కంపెనీ ఇంకో కంపెనీతోని కలిసి 1984ల పెట్టింది ఇది. బాగా సన్నటి గీతలు గీసే ఈయూవీ మిషన్లు ప్రపంచంల ఇదొక్కటే చేస్తది, రెండోది లేదు. ఆ మిషన్ల సెకనుకు 50 వేల తగరపు బొట్లు రాలుతుంటే, ఒక్కో బొట్టును లేజర్‌తోని కొట్టి దాని నుంచి 13.5 నానోమీటర్ల వెలుగు పుట్టిస్తరు. కొత్త రకం మిషన్ ఒక్కటి దగ్గర్దగ్గర 35 కోట్ల యూరోలు. మన లెక్కల మూడు వేల కోట్ల రూపాయల పైమాటే. 2012ల ఈ మిషన్ తయారయ్యేదాకా ఆగలేక ఇంటెల్, టీఎస్ఎంసీ, సామ్‌సంగ్ మూడు కలిసి ఏఎస్ఎంఎల్‌ల వాటాలు కొని పైసలిచ్చినయ్. బోరు ఏపిచ్చుకునే రైతులే చందాలేసుకుని బండి తయారుచేపిచ్చినట్టు.

ఇక్కడిదాకా మావోడి గ్రూపు చెప్పేది కరెక్టే.

గని బోరు బండి ఓనరును అడిగితే ఇంకో ముచ్చట చెప్తడు. కరువొచ్చిన ఏడాది రాత్రి పగలు బండి నడుస్తది, ఫోన్ ఎత్తేతందుకు సుత టైముండదు. రెండేండ్లు మంచిగ వానలు పడి చెరువులు నిండినయనుకో, బండి యాపచెట్టు కింద ఆగుతది. రైతులు ఎవుసం బంద్ చెయ్యలే, పంట పండుతనే ఉంది. కొత్త బోరు అవసరం లేదంతే. డ్రైవర్లకు జీతమియ్యాలె, బండి కిస్తీ కట్టాలె.

చిప్పుల మిషన్ల కంపెనీలకు జరిగేది ఇదే. చిప్పుల అమ్మకం పదిశాతం తగ్గితే చిప్పుల కంపెనీ ఏం చేస్తది? ఉన్న మిషన్లతోని నడుపుకుంటది, కొత్తయి కొనుడు వాయిదా ఏస్తది. కింద పదిశాతం తగ్గితే మీద మిషన్లోడికి సగం దాకా పడిపోవచ్చు. అప్లైడ్ మెటీరియల్స్ లెక్కలే చూడుండ్రి. 2000ల 956 కోట్ల డాలర్ల అమ్మకం. 2002ల 506 కోట్లు. 2003ల 448 కోట్లు. మూడేండ్లల్ల సగానికన్న తక్కువైంది. మల్ల కోలుకుని 2008ల 813 కోట్లకు వచ్చింది, తెల్లారి ఏడాది 501 కోట్లకు పడ్డది. మొన్నమొన్న 2023ల లామ్ అమ్మకం 1,743 కోట్ల డాలర్లుంటే 2024ల 1,491 కోట్లే. అంత ఏఐ, ఏఐ అని దునియా మొత్తం ఒర్లుతున్న ఏడాదిల అది. మెమరీ చిప్పుల కంపెనీలు కొనుడు ఆపినయ్, లామ్ ఎక్కువ అమ్మేది వాళ్లకే.

ఇప్పుడు ఎనకటంత గోరం లేదని కొందరు వాదిస్తరు, దాంట్ల సుత పాయింటుంది. అమ్మిన మిషన్లకు రిపేర్లు, సామాన్లు, అప్‌గ్రేడ్లు అని ఏటా పైసలొస్తయ్. 2024ల ఏఎస్ఎంఎల్ 2,830 కోట్ల యూరోల అమ్మకంల 650 కోట్లు అట్ల వచ్చినయే. అదొక ఆసరా. గని పెద్ద పైసలు ఇంకా కొత్త మిషన్లల్లనే ఉన్నయ్.

ఇగ అసలైన ఇకమతు ధర కాడ ఉంటది. కంపెనీ మంచిదైతే షేరు మంచిదనుకుంటరు మనోళ్లు. మన దగ్గర రీజినల్ రింగ్ రోడ్డు పేరు జెప్పి ప్లాట్లు అమ్మినోళ్లను చూసినం గదా. రోడ్డు అబద్ధం కాదు, ఆ పదేండ్ల తర్వాత ధరను ఇప్పుడే వసూలు జేసుడు కాడ ఉంది మోసం. అప్లైడ్ మెటీరియల్స్ షేరు 2000 ఏప్రిల్‌ల ఎక్కిన ధర మల్ల చూసేతందుకు 2017 దాకా పట్టింది. పదిహేడేండ్లు! ఈ పదిహేడేండ్లల్ల కంపెనీ మునగలే. అమ్మకం 956 కోట్ల నుంచి 1,454 కోట్ల డాలర్లకు పెరిగింది. మిషన్లు మంచియే, మేనేజ్‌మెంట్ మంచిదే. 2000ల ఇంటర్నెట్ జోష్‌ల కొన్నోడు పెట్టిన ధర తప్పు. అప్పుడు ఇరవై ఏండ్ల పోరడు కొనుంటే ముప్పై ఏడేండ్లకు అసలు మొఖం చూసిండన్నట్టు.

2024 అక్టోబర్ 15 నాడు జరిగింది చూడుండ్రి ఇంకోటి. ఏఎస్ఎంఎల్ తన మూడు నెలల లెక్కలు పొరపాటున ఒకరోజు ముందే వెబ్‌సైట్‌ల పెట్టింది. కొత్త ఆర్డర్లు 260 కోట్ల యూరోలని ఉంది. మార్కెట్ అనుకున్నది దానికి రెండింతల పైన. ఒక్క దినంలనే షేరు 16 శాతం దాకా పడ్డది. మజా ఏందంటే అదే ఏడాది ఆ కంపెనీ అమ్మకాలు ఎన్నడు లేనంత ఎక్కువ. షేరు నడిచేది ఇప్పుడు అమ్మిన మిషన్ల మీద కాదు, ఎల్లుండి అడగబోయే మిషన్ల మీద. అంతకు ముందు 2021 సెప్టెంబర్ నుంచి 2022 అక్టోబర్ నడుమ ఇదే షేరు సగానికన్న ఎక్కువ కరిగిపోయింది. ప్రపంచంల పోటీయే లేని కంపెనీ గతి ఇది.

చైనా సంగతి చెప్పకపోతే ఈ ముచ్చట కుదరదు. 2024ల ఏఎస్ఎంఎల్ మొత్తం అమ్మకంల 36 శాతం పైసలు చైనా నుంచే వచ్చినయ్. అప్లైడ్‌కు 37 శాతం, లామ్‌కు 42 శాతం. అంత పెద్ద గిరాకీ మీద అమెరికా 2022 అక్టోబర్ 7 నుంచి ఆంక్షలు పెట్టుకుంట వస్తున్నది. 2023ల జపాన్, నెదర్లాండ్స్ సుత తోడైనయ్. ఈయూవీ మిషన్లు చైనాకు అసలే ఇయ్యరు. అయినా అమ్మకాలు ఎందుకు పెరిగినయ్ మరి? రేపు దొరకదేమో అని చైనా కంపెనీలు పాత రకం మిషన్లు ముందుగాలనే కొని పెట్టుకున్నయ్. యూరియా దొరకదంటే మనోళ్లు ఏం చేస్తరు? చెప్పులు లైన్ల పెట్టి అవసరానికన్న రెండు బస్తాలు ఎక్కువ తెచ్చుకోరా? అట్లనే. ఆ ఎక్కువ బస్తాలను చూసి యూరియా వాడకం పెరిగిందనుకుంటే పొరపాటు.

దీనికి తోడు చైనా తన బండ్లు తనే కట్టుకుంటున్నది. అక్కడ ఏఎంఈసీ అనే కంపెనీ పెట్టినాయిన ఎనకట అప్లైడ్ మెటీరియల్స్‌ల పనిజేసినాయినే. నౌరా అని ఇంకోటి ఉంది. ఈయూవీ చేసుడు అంత జల్దిన కాదు గని, చెక్కే మిషన్లు, పొర పరిచే మిషన్ల కాడ వాళ్లు గట్టిగనే నడుస్తున్నరు. అమెరికా తలుపు ఎంత మూస్తే ఆ కంపెనీలకు సొంత దేశంల అంత గిరాకీ. నా లెక్కల ఈ ఐదు కంపెనీలకు పొంచి ఉన్న పెద్ద గండం ఇదే, దీని గురించి రీల్స్‌ల ఎవ్వడు చెప్పడు.

ఇంత చెప్పినంక ఈ కంపెనీలు దండగ అంటున్ననా? లేదు. టీఎస్ఎంసీ ఒక్కటే 2025ల 3,800 కోట్ల నుంచి 4,200 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడ్తమని ఆ ఏడాది మొదట్ల చెప్పింది. దాంట్ల పెద్ద వాటా మిషన్లకే పోతది. ఏఐ చిప్పులకు పొరలెక్కువ, గీతలు సన్నం, మిషన్లు ఎక్కువ కావాలె. పదిహేనేండ్లు ఆగగలిగినోడికి, నడుమ సగం పడ్డా నిద్రపట్టేటోడికి ఇయ్యి మంచి కంపెనీలే. మావోడు ఆ రకం కాదు, వచ్చే చైత్రంల చెల్లె పెండ్లి ఉంది వాళ్లింట్ల.

ఇప్పుడు మన దేశం కాడికి వద్దాం, ఎందుకంటే స్క్రీన్‌షాట్ వచ్చింది ఇక్కడి మార్కెట్ నుంచి. నేను చెప్పిన ఐదింట్ల ఒక్కటి సుత మన ఎన్ఎస్ఈల గని బీఎస్ఈల గని లేదు. గుజరాత్ ధోలేరాల 91,000 కోట్లతోని టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్ పీఎస్ఎంసీ కలిసి ఫ్యాక్టరీ కడ్తున్నయ్. దాని పైసల్ల పెద్ద భాగం మిషన్ల రూపంల బయటి దేశాలకే పోతది. అక్కడ చేసేది 28 నానోమీటర్లు, అంతకన్న పాత రకం చిప్పులు. వాటికి ఈయూవీ అవసరమే లేదు. ఆ టాటా ఎలక్ట్రానిక్స్ షేరు సుత మార్కెట్ల దొరకదు. సీజీ పవర్, కేన్స్ లాంటి కంపెనీలు మార్కెట్ల ఉన్నయ్, వాటికి గుజరాత్ సాణంద్‌ల ప్లాంట్లు ఉన్నయ్. గని అయి చేసేది తయారైన చిప్పులకు ప్యాకింగు, టెస్టింగు. అంటే మిషన్లు అమ్మేటోళ్లు కాదు, కొనేటోళ్లు. 2025 ఆగస్టుల కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు ఒప్పుకున్న యూనిట్ సుత ప్యాకింగుదే. మన హైదరాబాద్‌ల క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ ఆఫీసులున్నయ్. అక్కడ నడిచేది డిజైన్ పని. పిల్లగాండ్లకు కొలువులకు అది మంచిదే, గని షేరు కొనేతందుకు దానితోని లెక్క కుదరదు.

మరి పేరుల "సెమీకండక్టర్", "సెమీకాన్" అని ఉన్నయ్ ఏంది? ఒక ఉదాహరణ చెప్తా, పేరెందుకు గని. బీఎస్ఈల ఒక షేరు 2024 ఏప్రిల్‌ల 20 రూపాయల కాడ ఉండె. కంపెనీ పేరు మార్చుకున్నది, కొత్త పేర్ల సెమీకండక్టర్ వచ్చింది. ఏడాదిన్నర దాటేసరికి 10,000 రూపాయలు దాటింది. 2025 డిసెంబర్‌ల దాని మీద వార్తలొచ్చినయ్, కంపెనీల పనిజేసేది ఇద్దరు మనుషులేనని. సెమీకండక్టర్ తయారీ తాము ఇంకా మొదలే పెట్టలేదని ఆ కంపెనే ఎక్స్ఛేంజ్‌కు రాసిచ్చింది. ఎక్స్ఛేంజ్ దాన్ని వారానికి ఒక్కనాడే అమ్ముడు కొనుడు చేసే లిస్టుల పెట్టింది.

అప్పర్ సర్క్యూట్ అంటే సంబురపడే తమ్ముళ్లకు ఒక మాట. ఒక షేరు ఒక దినంల ఇంతకన్న ఎక్కువ పెరగద్దు, పడద్దు అని ఎక్స్ఛేంజ్ గీత గీస్తది. చిన్న కంపెనీలకు అది ఐదు శాతమో, రెండు శాతమో ఉంటది. కంపెనీ షేర్లల్ల తొంభై తొమ్మిది పాళ్లు పదిమంది చేతుల్ల ఉన్నయనుకోండ్రి. బయట తిరిగేది ఒక్క పాలే. పొద్దుగాల ఇద్దరు ముగ్గురు కలిసి కొంటమని నాలుగు ఆర్డర్లు పెడ్తే సాలు, అమ్మేటోడు ఉండడు, షేరు గీత కాడికి పోయి ఆగుతది. రోజూ ఇట్లనే అయితే నెల తిరిగేసరికి చార్టు మెట్లెక్కినట్టు కనవడ్తది. ఆ చార్టును గ్రూపుల్ల ఏస్తరు. మనసొంటోళ్లు వేలమంది కొననీకి ఎగబడ్తరు. అప్పుడు ఆ పదిమంది మెల్లెగ అమ్ముకుంటరు. వాళ్లది అయిపోయినంక షేరు కిందికి తిరుగుతది, రోజూ లోయర్ సర్క్యూట్. నువ్వు అమ్ముతవ్ సరే, కొనేటోడేడి? ఫోన్ల నీ షేరు ఇలువ లక్ష అని చూపెడ్తది, చేతికి పైస రాదు. అంగట్ల ఎద్దుకు ఎవడో లక్ష చెప్పిపోయి మల్ల కనవడకపోతే ఆ ఎద్దు లక్షదైతదా?

నిజమైన ఐదు కంపెనీలే కొనాలంటే తొవ్వ ఉంది. రిజర్వ్ బ్యాంక్ ఒక మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపనిస్తది. యాప్‌లు ఉన్నయ్, షేరుల ముక్క సుత కొనొచ్చు. గని డాలర్లకు మార్చినప్పుడు బ్యాంకు కోత ఉంటది, అమెరికా కంపెనీ డివిడెండ్ ఇస్తే 25 శాతం అక్కడ్నే పట్టుకుంటరు, ఇక్కడ ఐటీ రిటర్నుల విదేశీ ఆస్తి అని తప్పకుండ చూపెట్టాలె. లక్షన్నర పైసలకు ఈ తిప్పలు ఎంతవరకు సార్థకమో ఎవరి లెక్క వాళ్లు చూసుకోవాలె.

మావోడి లెక్క నేను అడిగిన. పైసలన్నీ సొంతానివేనారా అన్న. జర ఆగి చెప్పిండు. పోయిన ఎండకాలం చిన్నాయిన బోరు ఏపిచ్చినప్పుడు రెండు రూపాయల మిత్తికి లక్ష తెచ్చిండట, అదింకా అట్లనే ఉందట. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ఏఎస్ఎంఎల్ కాదు, దాని తాత సుత ఏటా తప్పకుండ 24 శాతం ఇస్తనని కాయిదం రాసియ్యదు. ఆ అప్పు కడ్తే మాత్రం ఆ 24 శాతం మిగిలినట్టే, సర్క్యూట్ లేదు, చైనా లేదు, టాక్స్ సుత లేదు. ఇది చెప్పితే మావోడు "నువ్వు అన్నీ ముసలోని లెక్క మాట్లాడ్తవన్నా" అన్నడు. అయినా సరే, తెల్లారి బ్యాంకుకు పోయి లక్ష తీసుకొచ్చి చిన్నాయిన చేతుల పెట్టిండు.

గని ఒక ముచ్చట నాకు ఫోన్ల చెప్పలే, పండుగకు ఊరికి పోయినప్పుడు చెప్పిండు. నాకు ఫోన్ చెయ్యకముందే ఆ "సెమీకాన్" షేరు 20 వేలవి కొన్నడట. నాతోని మాట్లాడినంక అమ్ముదామని చూసిండట. అప్పటికే అది కిందికి తిరిగింది. తొమ్మిది రోజులాయె, రోజు పొద్దుగాల తొమ్మిదింబావుకు మార్కెట్ తెరవంగనే అమ్మకం ఆర్డర్ పెడ్తుండు. అరుగు మీద కూసోని ఫోన్ చూపెట్టిండు. అమ్మేటోళ్ల లైన్ల మూడు లక్షల షేర్లున్నయ్. కొనేటోళ్ల వైపు సున్న. గ్రూపు ఏదిరా అంటే, తనను అండ్లకెల్లి తీసేసిండ్రట.